ఎరుపుకి ఎరుపు కలిపితే

కారు తలుపులు నాలుగూ బిగుసుకుపోయి ఉన్నాయి. తాళంచెవి లోపలే వేలాడుతోంది. స్టీరియో మాత్రం వీధి వీధంతా వినేలా గొంతు చించుకుంటోంది.

కార్లకు రంగులేసే షాపు ముందు ఓ మిట్టమధ్యాహ్నం జరిగిన రభస ఇది. ఆ స్టీరియోకి శబ్దం పెంచి తగ్గించే బొత్తాం అరిగిపోయి చాలా కాలమైంది. దానికి బుద్ధి పుట్టినప్పుడు శబ్దం పెంచేసుకుంటుంది, తగ్గించమంటే తగ్గదు. షాపులో రంగులు కలిపే అమ్మాయి భోజనానికి ఇంటికి బయలుదేరబోతూ తాళం తిప్పింది, పర్సు లోపల మరిచిపోయానని గుర్తొచ్చి దిగింది, రెండడుగులు వేసిందో లేదో తలుపులు వాటంతటవే లాక్ పడిపోయాయి. ఎదురింట్లో పళ్ళ డాక్టరు ఎవరిదో పన్ను పీకబోతూ చెయ్యి ఆపుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరమ్మా అది, పేషెంటు అదిరిపడుతున్నాడు అన్నాడు. మూల మీది తాళాల కొట్టుకి ఎవరో కబురు పెట్టారు.

తాళాలబ్బాయి సైకిలు మీద వచ్చాడు. ఇరవయ్యేడేళ్ళుంటాయి. భుజాన సంచి, చెవి వెనక ఒక సన్నటి ఇనుప పుల్ల. మామూలుగా అయితే తలుపుకి చెవి ఆనించి, లోపల కొక్కెం కదిలే చప్పుడు విని పని కానిస్తాడు. ఆ పాటలో చప్పుడేం వినబడుతుంది. వేళ్ళనే నమ్ముకుని, కళ్ళు మూసుకుని, అద్దం సందులోంచి పుల్ల దూర్చి అయిదు నిమిషాల్లో తలుపు తీశాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మంచివాడు కదా, లోపలికి చెయ్యి పెట్టి స్టీరియో బొత్తాం తిప్పాడు. బొత్తాం చేతిలోకి ఊడొచ్చింది. లోపలెక్కడో టప్పుమంది. కాస్త కాలిన వాసన వచ్చి, పాట ఆగిపోయింది.

వీధంతా ఊపిరి పీల్చుకుంది, ఆ అమ్మాయి తప్ప.

"తలుపు తీయమన్నాను. దాని ప్రాణం తీయమన్లేదు," అంది.

"అది ముందే కొనఊపిరితో ఉందండి. నేను ఊరికే చెయ్యేశాను."

"హంతకులందరూ అదే చెబుతారు."

అతను అప్పుడు ఆమె మొహం వంక సరిగ్గా చూశాడు. చూసి, చెప్పదలుచుకున్నది మరిచిపోయాడు. మోచేతుల దాకా చొక్కా మడిచిన చేతులు, వాటి మీద రంగుల చుక్కలు. అవి ఎన్ని రంగులో అతనికి తెలియదు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ప్రస్తుతానికి, ఎవరూ అడక్కుండానే, కొత్త స్టీరియో తెచ్చుకుంటే నేనే బిగించి పెడతానండి అనేశాడు. తాళాలు తీసేవారికి స్టీరియో పని ఏం తెలుసు అని ఆమె అడిగింది. రెండూ మరలూ కొక్కేలే కదండీ అన్నాడు. జన్మలో ఏనాడూ ఒక స్టీరియోని విప్పి చూసినవాడు కాదు.

ఆదివారం రమ్మంది.

ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. ఆ స్టీరియో ఎందుకంత ముఖ్యమో ఆలోగానే అతనికి తెలిసింది. అటువైపు నాలుగైదు పనులు కల్పించుకుని వెళ్ళాడు లెండి. అమ్మాయికి తండ్రి ఒక్కడే. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. మోకాళ్ళు అరిగిపోయాయని, ఇక నడపొద్దని డాక్టరు చెప్పేశాడు. పెద్దాయన నడపడం మానేశాడు గానీ కూర్చోవడం మానలేదు. రోజూ పొద్దున్నే షెడ్డులో నిలబెట్టిన కారులో ముందు సీట్లో కూర్చుని, తాళం తిప్పి, గంటసేపు పాటలు వింటాడు. ఇంట్లో రేడియో ఉంది. అది ఆయనకి చెవికెక్కదు. స్టీరియో చచ్చిన మర్నాటి నుంచి సీట్లో కూర్చుని ఊరికే గోడవంక చూస్తున్నాడని షాపువాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాడు.

ఆమె పని గురించి కూడా విన్నాడు. ఏ కారుకో సొట్ట పడుతుంది. ఆ ఒక్క చోట రంగు వేయాలి. డబ్బాలో దొరికే తెలుపు వేరు, పదేళ్ళు ఎండకి కాగిన తెలుపు వేరు. ఆ అమ్మాయి ఒక్కో చుక్కే కలిపి, రేకు ముక్క మీద పూసి, ఆరబెట్టి, పగటి వెలుతురులో కారు పక్కన పెట్టి చూస్తుంది. అతుకు ఎక్కడుందో కారు సొంతదారుకి కూడా తెలియకూడదు. తెలియదు. అంత పనిమంతురాలు.

ఇంటికి వచ్చి అక్కతో చెబితే అక్క చాలాసేపు నవ్వింది. అక్క కుట్టుపని చేస్తుంది. తల్లిలా సాకి పెద్దవాణ్ణి చేసింది, ఇప్పటికీ అతని చొక్కాల కాలరు లోపల రంగు తెలిసేలా కుట్లు వేసి పెడుతుంది. ఒక కుట్టంటే నీలం, రెండంటే ఆకుపచ్చ. ఎందుకంటే అతనికి రంగులు తెలియవు. చూపు డేగ చూపే, ఎంత సన్నటి గీతైనా కనబడుతుంది. కానీ ఎరుపూ, ఆకుపచ్చా, ఇటుక రంగూ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. నీలమూ ఊదా కవలలు. ముదురు ఎరుపైతే నలుపులోకి జారిపోతుంది. పుట్టుకతో వచ్చింది, మందు లేదు.

పద్దెనిమిదేళ్ళప్పుడు రైల్వేలో ఉద్యోగానికి వెళితే చుక్కల పుస్తకం ముందు పెట్టి, ఇందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారు. అతనికి చుక్కలే కనబడ్డాయి. తిరిగొచ్చి తాళాల పని నేర్చుకున్నాడు. తాళానికి రంగుతో పని లేదు. అది నయమే. రెండేళ్ళ కిందటి సంగతి మాత్రం ఇంకా మానలేదు. ఒకమ్మాయితో పరిచయం పెళ్ళి మాటల దాకా వచ్చి, దాచడమెందుకని వాళ్ళింట్లో ఈ విషయం చెప్పాడు. వాళ్ళు కోప్పడలేదు. నవ్వారు. కర్టెన్ చూపించి ఇదేం రంగు అన్నారు, దిండు చూపించి మరి ఇది అన్నారు. మధ్యాహ్నమంతా అదే ఆట. అతను తప్పు చెప్పినప్పుడల్లా చప్పట్లు. సాయంత్రానికి అందరూ అలిసిపోయారు, ఆ పైన కబురు రాలేదు.

"దొరక్క దొరక్క రంగులు కలిపే అమ్మాయి దొరికిందిరా నీకు," అంది అక్క. "పోనీ ముందే చెప్పేయ్. పోయేదేముంది?"

"అమ్మాయి పోతుంది."

"ఇంకా రాలేదు కదరా, పోవడానికి."

అతను నవ్వలేదు. ఆమెకి బతుకే రంగు. అందులో తను గుడ్డివాడు. తెలిసిన మరుక్షణం ఆమె కళ్ళలో కూడా ఆ కర్టెన్ ఆట మొదలవుతుంది. దానికన్నా తెలియకుండా ఉండటమే మేలు అనుకున్నాడు. దాంతో వచ్చే పుస్తకం చదువుకుంటానని, ఆమె కొన్న కొత్త స్టీరియోని ముందే అడిగి తెచ్చుకున్నాడు. అక్క చేత దాని వెనకున్న ఒక్కో వైరుకీ రంగు పేరు రాసిన చీటీ అంటించాడు. కారు వైపు వైర్లకి చీటీలు అంటించేవాళ్ళు లేరు. ఆ సంగతి అక్కడ చూసుకోవచ్చులే అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న వాళ్ళింటి షెడ్డుకి వెళ్ళేసరికి పెద్దాయన కారులోనే ఉన్నాడు. ముందు సీటు ఖాళీ చేయమంటే వెనక సీట్లోకి మారాడు గానీ దిగలేదు. మోకాళ్ళు రెండు సీట్ల మధ్య ఇరికించుకుని, ముందుకు వంగి, ఆపరేషను చూసేవాడిలా కూర్చున్నాడు.

అతనికి ఇంకో చిక్కు వచ్చిపడింది. పెద్దాయన్ని ఏమని పిలవాలి. బాబాయిగారూ అంటే ఆ అమ్మాయి చెల్లెలైపోతుంది. మావయ్యగారూ అంటే మనసులోది కక్కేసినట్టే. రెండూ వద్దని, ఏదడగాలన్నా "అదేనండీ" అని మొదలుపెట్టాడు. నాలుగోసారికి పెద్దాయనకి అర్థమైంది.

"బాబూ, నన్ను వరసపెట్టి పిలిస్తే నీకేమైనా నష్టమా?" అన్నాడు.

"లేదండీ, అదేనండీ," అన్నాడు.

పెద్దాయన కూతురి వంక చూశాడు. కూతురు డాష్‌బోర్డు వంక చూసింది.

పని మాత్రం బాగానే సాగింది. ముందుగా బ్యాటరీ వైరు ఊడదీశాడు. స్టీరియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని పలచటి రేకుతో నాలుగు వైపులా కొద్దికొద్దిగా పైకి లేపాడు. ఒక్క గీత పడలేదు. నాలుగు మరలు విప్పి, చచ్చిన స్టీరియోని బయటికి లాగితే దాని వెనక గుప్పెడు వైర్లు, ఏరియల్ వైరొకటి. పాత కారు కావడంతో కొత్త స్టీరియో ప్లగ్గు దీనికి సరిపోదు. మధ్యలో వేసే జోడింపు ముక్క ఏ షాపులోనూ దొరకలేదు. కాబట్టి వైరుకి వైరు ఒక్కొక్కటీ చేత్తో కలపాల్సిందే.

అమ్మాయిని మంచినీళ్ళకి పంపాడు. వచ్చేసింది. నల్ల టేపుకి పంపాడు. అదీ చేతిలోనే ఉంది. ఇక లాభం లేదని సంచిలోంచి గడియారంలో వేసే చిన్న సెల్లు తీశాడు. రెండు వైర్లని దాని రెండు కొనలకీ తగిలిస్తే ఎడమ తలుపులో స్పీకరు టిక్కుమంది. అక్క ఇచ్చిన దారం ఆ వైర్లకి చుట్టి ఒక ముడి వేశాడు. ఇంకో రెండు తగిలించాడు, వెనక టిక్కుమంది. ఎవరో తలుపు కొడుతున్నారని పెద్దాయన దిగబోయాడు. రెండు ముడులు. అలా నాలుగు స్పీకర్లూ దొరికాయి. వాటిని చీటీలు చూసుకుని కొత్త స్టీరియోకి కలిపేశాడు. వైరు రంగు ఒక్కసారీ చూడలేదు.

"ఈ చీటీలెందుకు? రంగు కనబడుతూనే ఉంది కదా," అంది అమ్మాయి. ఒక చీటీ పట్టుకుని చూసింది. గుండ్రటి చక్కని రాత. "ఎవరు రాశారు?"

అతను అలవాటండీ అన్నాడు. ఏ ప్రశ్నకి ఆ జవాబో తేల్చలేదు. ఆమె చీటీని వదలడం కాస్త విసురుగా వదిలింది.

ఇక కరెంటు వైర్లు మిగిలాయి. అవి తేలాలంటే బ్యాటరీ మళ్ళీ తగిలించి మీటరు పెట్టి చూడాలి. మీటరు తీయబోతుంటే ఆమె లోపలికి వెళ్ళి రెండు రేకు ముక్కలు తెచ్చింది. మూడు రోజులుగా కుస్తీ పడుతున్న రంగట. ఒకటి సరిగ్గా వచ్చింది, ఇంకోటి పాడైంది, ఎక్కడ చెయ్యి జారిందో అర్థం కావడం లేదు. షాపులో ఎవర్నీ అడగదు ఆమె. అతన్ని అడిగింది. అడగడంలోనే కొంచెం సిగ్గుపడింది కూడా. ఏది బాగుందో చెప్పండి అని రెండూ ఎండలో పట్టుకుంది.

అతను వాటి వంక చూశాడు. ఎంత చూసినా ఒక్క రంగే. ఇదే కర్టెన్, ఇదే దిండు.

"రెండూ ఒకటేగా," అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఆ మాట ఆమె రోజుకి పదిసార్లు వింటుంది. షాపులో పెయింటర్లు, మేస్త్రీ, డబ్బాలు దింపేవాడితో సహా అందరూ అనేది అదే. రెండూ ఒకటేనమ్మా, నీ చాదస్తం గానీ. ఆమె మొహంలో వెలుగు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినట్టు పోయింది.

"ఒకటి ఆకుపచ్చ, ఇంకోటి పాడై ఎండిన ఇటుకైంది. చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది," అంది. గొంతు పెంచలేదు. "నా పని మీకు ఎగతాళిగా ఉంటే ఉండొచ్చు. మిగిలిన వైర్లు నేను కలుపుకుంటాను. మీరు వెళ్ళండి."

నిజం చెప్పడానికి అదే సమయం. నోరు తెరిస్తే చాలు. కానీ ఎగతాళి చేసేవాడని తిట్టించుకోవడం, అయ్యో పాపం అనిపించుకోవడం, ఈ రెండింట్లో మొదటిదే అతనికి తేలిగ్గా తోచింది. సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. చీటీల సంగతి అక్క అడిగితే పని అయిపోయిందన్నాడు. అక్క అతని మొహం చూసి, ఏ పని అయిపోయిందో అడగలేదు.

ఆరో రోజు ముసురు పట్టింది. కొట్లో కూర్చుని ఎవరిదో తాళంచెవి అరగదీస్తుంటే గొడుగు ముడుస్తూ పెద్దాయన లోపలికి వచ్చాడు. ఇంటి తాళంచెవి ఒకటి బల్లమీద పెట్టి, దీనికి జోడు చేసిపెట్టమన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వాన గురించి మాట్లాడాడు, బస్సుల గురించి మాట్లాడాడు, ఈ రోజుల్లో బ్రేకులు ఎంత అధ్వాన్నంగా ఉంటున్నాయో మాట్లాడాడు. జోడు తాళంచెవి తయారైపోయినా లేవలేదు.

చివరికి, మా అమ్మాయి పంపలేదు, నేను వచ్చినట్టు దానికి తెలియదు అని మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం అమ్మాయి పట్టుదలగా మిగతా వైర్లు కలిపేసింది. స్టీరియో వెలగలేదు. గంటసేపు తంటాలు పడి విసిగిపోయి, షెడ్డులో కాస్త వెలుతురైనా వస్తుందని హెడ్‌లైట్లు వేసింది. వేసిన మరుక్షణం స్టీరియో పాట ఎత్తుకుంది. లైట్లు ఆపితే పాటా ఆగింది. మళ్ళీ వేస్తే మళ్ళీ మొదలు. ఇక ఆనాటి నుంచి పెద్దాయన పట్టపగలు షెడ్డులో గోడకేసి రెండు హెడ్‌లైట్లూ వెలిగించుకుని పాటలు వింటున్నాడు. పక్కింటివాళ్ళు ఆయన ఆరోగ్యం గురించి వాకబు చేశారు. అయిదో రోజుకి బ్యాటరీ కాస్తా నీరసించి బండి చచ్చిపోయింది.

"ఇంకొకరెవరినైనా పిలవొచ్చు కదండీ," అన్నాడు తాళాలబ్బాయి.

"పిలవొచ్చు. నేనూ అదే అన్నాను. ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయడానికి వీల్లేదంది. అంత కోపం ఉన్న మనిషి మీద అంత నమ్మకం ఎందుకో నాకు తెలియలేదు," అన్నాడు పెద్దాయన. తర్వాత గొడుగు కొన వంక చూస్తూ, "ఆ చీటీలు రాసిందెవరు బాబూ? ఆడవాళ్ళ చేతిరాత అది," అన్నాడు.

"మా అక్క."

"ఓహో," అన్నాడు పెద్దాయన. ఆ ఒక్క మాటతో ఆయన ముసురులో కూడా కాస్త తెరిపి చూసినవాడిలా లేచాడు.

అతను కొట్టు మూశాడు. తెలిసినవాళ్ళ దగ్గర ఛార్జి ఉన్న బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చాడు. దారిపొడుగునా ఒకటే అనుకున్నాడు, వైరు సరిచేసి, నోరెత్తకుండా వచ్చేద్దామని.

షెడ్డులో ఆమె ఉంది. వానకి పని లేక షాపు తొందరగా మూశారు. అతని వెంట వచ్చిన తండ్రిని చూసి, తాళంచెవికి జోడు దొరికిందా నాన్నా అని అడిగింది. పెద్దాయన వెనక సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు.

బ్యాటరీ మార్చి, ఆమె వేసిన టేపులు ఒక్కొక్కటే విప్పాడు. అతుకులు చూసి మనసులోనే మెచ్చుకున్నాడు. మెలిక ఎంత నున్నగా ఉందంటే కత్తిరించబుద్ధి కాలేదు. ఆమె పక్క సీట్లో కూర్చుని టార్చి పట్టుకుంది.

"తప్పేం చేశానో నాకు తెలియాలి," అంది. "ఎరుపుకి ఎరుపే కలిపాను. నలుపుకి నలుపు. పసుపుకి పసుపు. ఒక్క వీసం తేడా లేదు."

"అదేనండీ తప్పు."

"రంగు తప్పంటారా? నాతోనా?"

"రంగు తప్పు కాదండీ. రంగుని నమ్మడం తప్పు. స్టీరియో చేసినవాళ్ళొకరు, కారు చేసినవాళ్ళు ఇంకొకరు. వాళ్ళకిష్టమైన రంగు వాళ్ళు వేసుకుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. రంగు చూస్తే లాభం లేదు, వైరునే అడగాలి."

మీటరు తీసి చూపించాడు. ముల్లు ఎప్పుడూ లేచే ఉంటే అది బ్యాటరీ నుంచి తిన్నగా వచ్చేది. తాళం తిప్పితే లేచేది ఇంకోటి. స్టీరియోని నిద్రలేపాల్సింది అదే. ఇంకో వైరుకి పెట్టాడు. ముల్లు కదల్లేదు. లైట్లు వేయమన్నాడు. ఆమె వేసింది. ముల్లు లేచింది.

"ఇదే. ఇది దీపాల వైరు. దీన్ని కలిపారు మీరు."

"ఏది?" అందామె టార్చి దగ్గరికి తెచ్చి. "ఆ ఎరుపుదా?"

చేతిలో రెండు మూడు వైర్లున్నాయి. అవునండీ అంటే సరిపోతుంది. ఎరుపో కాదో ఆమె చూసుకుంటుంది. ఆ ఒక్క అవునుతో బయటపడొచ్చు, రేపు ఇంకో అవును, ఎల్లుండి ఇంకోటి. బతుకంతా ఎన్ని అవునులు చెప్పాలో ఒక్కసారిగా లెక్క అందినట్టయింది అతనికి.

"నాకు తెలీదండీ," అన్నాడు.

"ఏం తెలీదు?"

"ఇది ఎరుపో కాదో. మీ రేకు ముక్కలు కూడా నాకు తెలీలేదు. ఏది ఆకుపచ్చో, ఏది ఇటుకో. నాకు పుట్టినప్పటినుంచీ ఇంతే. చీటీలు మా అక్క రాసింది అందుకే."

చెప్పేశాడు. రైలు ఉద్యోగం సంగతి, చుక్కల పుస్తకం సంగతి కూడా చెప్పాడు. కర్టెన్ సంగతి దగ్గరా ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. వెనక సీట్లో పెద్దాయన దగ్గబోయి మానుకున్నాడు.

ఆమె టార్చి ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి పైకెత్తింది. అతను డాష్‌బోర్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు ఏదో ఒకటి చూపించి, ఇదేం రంగు అంటుంది. ఈ కారుదో, ఈ గొడుగుదో. అనుకుంటూ ఎదురుచూశాడు. ఆమె ఎత్తిన చేత్తో నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంది.

"అయితే ఆ రోజు ఎగతాళి చేయలేదా?"

"ఎగతాళి చేయాలన్నా తేడా తెలియాలి కదండీ."

ఆరు రోజులు అందామె. ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా అంది. తను ఈ ఆరు రోజులూ రాత్రీ పగలూ ఎవరితో పోట్లాడుతూ ఉందో తెలుసా అంది. ఎవరితో అని అతను అడగలేదు, అడిగే ధైర్యం లేక. అక్క ఏం చేస్తుందని అడిగింది. కుడుతుందన్నాడు. రాత బాగుంటుందని చెప్పమంది.

అప్పుడు పెద్దాయన కలగజేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ డ్రైవరు కాబట్టి ఆయనకి ముందుగా పుట్టిన అనుమానం సిగ్నల్ దీపాల గురించి. అబ్బాయ్, రోడ్డు మీద ఎలా వెళతావ్, ఎప్పుడు ఆగాలో ఎలా తెలుస్తుంది అని నిలదీశాడు. పైది వెలిగితే ఆగుతాను, కిందిది వెలిగితే వెళతానండీ అన్నాడు అతను. పెద్దాయన ఆలోచించి, ముప్ఫై ఏళ్ళు తను చూసింది కూడా పైదో కిందిదో తప్ప రంగు కాదేమోనని ఒప్పుకున్నాడు. ఆ గండం గడిచింది.

గడిచింది గానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఆగకపోవడమే న్యాయం. ఆడపిల్ల తండ్రి కదా.

"చూడు బాబూ, నువ్వు మంచివాడివే. పనిమంతుడివి. నీ మీద నాకేం కోపం లేదు," అన్నాడు. "కానీ దీని బతుకంతా రంగులేనయ్యా. రాత్రి అన్నం తింటూ కూడా ఏ తెలుపులో ఏ చుక్క కలిపిందో చెబుతుంది. అది చేసే పని గొప్పతనం నీకు ఎప్పటికీ కనబడదు. ఇవాళ అది సరేలే అనొచ్చు. పదేళ్ళ తర్వాత, ఇంట్లో మనిషికి నా పనే తెలియదు అని బాధపడితే?"

తాళాలబ్బాయి తల వంచుకున్నాడు. ఆమెని చూసిన నాటినుంచీ తనకి తాను వేసుకుంటున్న ప్రశ్న అది. ఇంకొకరి నోట వినడమే కొత్త. మీటరు వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. మిగిలిన ఆ ఒక్క వైరూ కలిపి వెళ్ళిపోతే పని పూర్తయినట్టే. ఈసారి అక్కకి అబద్ధం చెప్పక్కర్లేదు.

"నాన్నా," అంది అమ్మాయి. వెనక్కి తిరక్కుండానే అంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా దగ్గరికొచ్చే ప్రతివాడూ ఒకటే అడుగుతాడు, రంగు సరిపోయిందా అని. ఇంటికొచ్చాక ఆ మాట అడగని మనిషి ఒక్కడుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో నీకేం తెలుసు?"

చుడుతున్న మీటరు వైరు అతని చేతుల్లో సగంలోనే ఆగిపోయింది.

ఆమె టార్చి మళ్ళీ వెలిగించి డాష్‌బోర్డు లోపలికి పట్టింది.

"ఇంకొకటి మిగిలింది కదా. కలుపు," అంది.

అతను కలిపాడు. మెలిక ఆమె వేసినంత నున్నగా రాలేదు. పెద్దాయన కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఎప్పుడూ వాన చూడనివాడిలా వాన చూడసాగాడు.